నీళ్ల గొట్టం వెళ్లినచోటికి మురుగు దారి కూడా

(కార్తీక వనసమారాధన సందర్భంగా వాడరేవులో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు పావుగంట మాట్లాడమని ఆజ్ఞాపించారు. వంటల వాసన వస్తుండగా ఉపన్యాసం వినడం ఎంత కష్టమో నాకు తెలుసు గనుక అసలు విషయానికే వస్తాను.

డి.ఎ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ చెప్పగల సమర్థులు వేదిక మీద ఉన్నారు. నేను ముప్పయ్యయిదేళ్లు ఇంజనీరింగు ఆఫీసుల్లో ఎల్.డి.సి.గా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఫైలు. అందులో ఒక రకం ఫైలును గురించే ఇవాళ మనవి చేస్తాను. ఊరికి దూరంగా, పంచాయతీ హద్దులో, ప్రభుత్వ శాఖవారి కట్టడం ఒకటి ఉంటుంది. యార్డు కావచ్చు, వర్క్‌షాపు కావచ్చు, బంగళా కావచ్చు. దానికి పక్క పట్టణం నుంచి నీళ్లూ, మురుగునీటి సదుపాయమూ కావాలంటారు. వినడానికి ఇంత చిన్న విషయం. కాని ఈ రకం ఫైలు పదేళ్లు నడిచిన సందర్భాలు మీలో చాలామందికి తెలుసు.

వాడరేవులోనే ఈ మాట ఎందుకంటే కారణం ఉంది. వాడ అంటే పాత తెలుగులో ఓడే. పేరులో రేవు ఉన్నా ఇన్నాళ్లూ ఇది లైట్‌హవుసూ, పడవలూ, వలలూ ఉన్న పల్లెగానే ఉండిపోయింది. 1970కి ముందు గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా ఊరు కదలలేదు. ఇప్పుడు కదులుతున్నది. రాష్ట్ర ప్రభుత్వం కట్టదలచినట్టు ప్రకటించిన చేపలరేవుల జాబితాలో వాడరేవు పేరు వచ్చింది. ఇక్కడి నుంచి చీరాల, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్లకు 167ఎ జాతీయ రహదారి ఉంది. రోడ్డు పెద్దదైతే దాన్ని చూసుకునే శాఖకు యార్డు కావాలి. చేపలరేవు వస్తే వేలంపాట షెడ్డు, ఐసు ప్లాంటు, ఆఫీసు, క్వార్టర్లు, మరుగుదొడ్లు కావాలి. రిసార్టుల సంగతి మీరు వచ్చే దారిలో చూశారు. మనలోనే కొందరు చీరాల రోడ్డున గ్రాట్యుటీ డబ్బుతో స్థలాలు కొన్నారు. వీటన్నిటికీ ఏదో ఒకరోజు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న చీరాల నుంచి నీళ్లు తేవాలన్న ప్రతిపాదన రాక తప్పదు. ఆ ఫైలు పుట్టకముందే దాని జాతకం చెప్పాలని నా కోరిక.

ముందు హద్దు సంగతి. మునిసిపాలిటీవారు తమ హద్దులో పన్ను కట్టేవారికి నీళ్లివ్వడానికి ఏర్పడ్డవారు. హద్దు దాటి ఇవ్వాలంటే కౌన్సిలు తీర్మానమూ, పై అనుమతీ కావాలి. హద్దు ఇవతల ఇంజనీర్లు పబ్లిక్ హెల్తు శాఖవారు, హద్దు అవతల గ్రామీణ నీటి సరఫరా శాఖవారు. ఒకే గొట్టం మీద రెండు శాఖలు, రెండు బడ్జెట్ పద్దులు అన్నమాట. ఈ హద్దు అనేది మ్యాపు మీద గీతే గదా అని తీసిపారేయకండి. ఆ గీత కోసం ఊరు ఊరంతా లేచిపోయిన ప్రాంతం మనది. చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చినప్పుడు, యూనియను కింద ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలవుతుందన్న భయంతో, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన పదిహేను వేల జనంలో అత్యధికులు ఇళ్లు వదిలి హద్దు బయట రామనగరమని గుడిసెలు వేసుకుని పదకొండు నెలలదాకా ఉన్నారు. ఈనాటికీ పంచాయతీలోకి పట్టణం గొట్టం వస్తుందంటే పెద్దవాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే: గొట్టం వెనకాల పన్ను కూడా వస్తుందా? అది అజ్ఞానం కాదు, ఈ నేల జ్ఞాపకం.

రెండోది ఇసక సంగతి. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఇక్కడ సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నా ఇసకలో నాలుగు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు పడే చోట్లున్నాయి. ఆ గుంటల్నే మనం దొరువులంటాం. నారుమళ్లకూ, కూరగాయలకూ కావిడి కుండలతో తోడి పోసేది వాటినుంచే. ఆ తీపినీరు ఎక్కడినుంచో పారివచ్చింది కాదు. ఇసకలో ఇంకిన వాననీరు, తనకంటే బరువైన ఉప్పునీటి మీద తేలి నిలబడుతుంది. పాలమీద మీగడ అనుకోండి. దీని లెక్కను యూరపులో గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు నూరేళ్లకు పైబడే కట్టారు. నూతిలో నీటిమట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద దాదాపు నలభై అడుగుల మందాన తీపినీరుంటుంది. అంటే మోటారు పెట్టి తోడి మట్టం అర అడుగు దించితే, కిందనుంచి ఉప్పు ఇరవై అడుగులు పైకి లేస్తుంది. అందుకే మోటారు పెట్టినచోటల్లా నాలుగేళ్లకు ఉప్పు తగులుతుంది. బాపట్లలో ఉప్పునీటి పరిశోధన పథకంవారు దొరువును సంస్కరించి, ఇసకలో లోతు తక్కువగా చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైపై నీటిని మాత్రమే మెల్లగా తోడే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. తెలివైన పని.

ఆ లెక్కలో రెండో మాట ఒకటుంది. పైపొర నీరే మనం తాగే నీరు. మనం ఇసకలోకి వదిలే మురుగు మొట్టమొదట కలిసేది కూడా ఆ పైపొరలోనే. నల్లరేగడిలో మురుగు కొంతకాలం నిలబడి కంపు కొట్టి మనల్ని హెచ్చరిస్తుంది. ఇసకలో వెంటనే మాయమవుతుంది. మాయమైందని సంతోషిస్తాం.

ఇక నా ఫైలు. ఏ శాఖ, ఏ ఊరు అని అడక్కండి. వాడరేవు కాదు, కోస్తాలోనే ఇంకొక పల్లె. 1980ల మధ్య మాట. పట్టణానికి నాలుగు మైళ్ల దూరంలో ఒక శాఖవారి యార్డుండేది. రోడ్డు రోలర్లు, తారు డ్రమ్ములు, సిమెంటు గోడౌను, చిన్న వర్క్‌షాపు, పన్నెండు క్వార్టర్లు, పై అధికారులు వస్తే దిగడానికి ఒక బంగళా. 1977 నవంబరు 19 తుపాను తరువాత ఆ యార్డు బావి ఉప్పుబారింది. తాగేనీళ్లు పట్టణం నుంచి ట్యాంకరులో వచ్చేవి. ట్యాంకరు రాని రోజున క్వార్టర్ల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పక్కనున్న పాలెం దొరువుకు పోయేవారు. పాలెంవాళ్లు ఎన్నడూ కాదనలేదు. ఇది మనసులో ఉంచుకోండి.

పట్టణం నుంచి లైను వేయించాలని శాఖవారు మునిసిపాలిటీకి రాశారు. జవాబు ఎనిమిది నెలలకు వచ్చింది: హద్దు బయట గనుక మొత్తం ఖర్చు డిపాజిట్టు చెయ్యాలి, దానిమీద సెంటేజీ, నీటికి గృహేతర రేటు. శాఖవారు ఖర్చుకు ఒప్పుకుని రేటుకు ఒప్పుకోలేదు. క్వార్టర్లు కూడా గృహేతరమేనా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న మీద ఇరవై రెండు ఉత్తరాలు నడిచాయి. తరువాత పంచాయతీ. మా రోడ్డు తవ్వుకుంటూ, మా పాలెం ముందునుంచి మంచినీళ్లు తీసుకుపోతున్నారు గదా, మాకు రెండు వీధికుళాయిలు ఇవ్వండి అని సర్పంచిగారు తీర్మానం పంపారు. న్యాయమైన కోరిక. కాని శాఖ డబ్బుతో పంచాయతీకి కుళాయి పెడితే ఆడిట్టు అభ్యంతరం వస్తుందని ఒక నోటు. పెట్టకపోతే రోడ్డు తవ్వనివ్వరని ఇంకొక నోటు. చివరకు కలెక్టరుగారు కూర్చోబెట్టి మాట్లాడించగా, యార్డు గేటు పక్కన ఒకే ఒక కుళాయికి రాజీ కుదిరింది. ఆరేళ్ల తరువాత నీళ్లు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టారు.

ఆ ఫైలు నోటు భాగమే నూటపాతిక పేజీలుంటుంది. నీళ్లు ఎన్ని, గొట్టం సైజెంత, రేటెంత అన్నీ ఉన్నాయి. వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయన్న వాక్యం ఒక్కటీ లేదు. అంచనా ఫారంలో ఆ గడి లేదు మరి.

ట్యాంకరు నీళ్లతో బతికిన రోజుల్లో మనిషికి నాలుగు బిందెలు. కుళాయి వచ్చాక క్వార్టర్లలో ఫ్లష్ మరుగుదొడ్లు కట్టారు, బంగళాలో తొట్టి పెట్టారు, రోలర్లు కడగడం మొదలైంది. సెప్టిక్ ట్యాంకు తవ్వి, దాని నీరు ఇంకడానికి గుంట ఒకటి తీశారు. ఎక్కడ? కాంపౌండు గోడ మూలన, గోడకు అటువైపే పాలెం దొరువు. నాలుగేళ్లు తిరక్కుండా దొరువు నీళ్లు వాసన కొట్టాయి. వానాకాలంలో పాలెంలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఒక బిడ్డ దక్కలేదు. తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారి వెంట నేనూ వెళ్లాను. పాలెంలో ఒక ముసలమ్మ మా ఎదటికి వచ్చి అన్నమాట ఇది: "బాబూ, మీ నీళ్లు వచ్చినయ్యి, మా నీళ్లు పోయినయ్యి." ఇంజనీరుగారు చిన్నవాడు, మంచివాడు. తల వంచుకున్నాడు.

ఆయనే ఆ తరువాత దారి చూపాడు. ఇంకుడుగుంట మూసేసి, ట్యాంకును రెండు అరలుగా మార్చి, దానిలోంచి వచ్చే నీటిని గొట్టంలో సరుగుడు తోట వైపు, అంటే సముద్రం దిక్కుకు తిప్పి, మొక్కలు పెంచిన మడుల్లో పారించాడు. పాలెంలోకి నాలుగు కుళాయిలు లాగించాడు. రోలర్లు కడిగే చోట నూనె తేరుకునే తొట్టి కట్టించాడు. దీనికంతటికీ అయిన ఖర్చు మొదటి లైను ఖర్చులో పదోవంతు కూడా కాదు. ఆ పదోవంతు మొదటి అంచనాలోనే ఉంటే ఆ బిడ్డ మనలాగే మనవల్ని ఎత్తుకునేది.

అయితే మురుగును కూడా పట్టణం డ్రైనేజిలో కలిపేస్తే పోలేదా అని మీరడగవచ్చు. యార్డువాళ్లూ మొదట అదే అడిగారు. కోస్తాలో చిన్న పట్టణాలు చాలావాటికి అసలు భూగర్భ డ్రైనేజి ఉంటే గదా మనం వెళ్లి కలపడానికి. ఉన్నదనుకున్నా లెక్క చూడండి. నీళ్లు ఒత్తిడితో పోతాయి, ఎత్తుకైనా ఎక్కుతాయి. మురుగు వాలుమీద పోవాలి. అది కూడా సెకనుకు దాదాపు రెండడుగుల వేగంతో పోతేనే గొట్టంలో మడ్డి పేరుకోదు. ఒక చిన్న యార్డు నుంచి సెకనుకు రెండు లీటర్ల మురుగు వస్తుందనుకుంటే, ఆ వేగానికి కిలోమీటరుకు ఆరు మీటర్ల వాలు కావాలని ఇంజనీర్ల పుస్తకాల్లో ఉంటుంది. ఆరు కిలోమీటర్లకు ముప్పయ్యారు మీటర్లు. పన్నెండంతస్తుల మేడ ఎత్తంత లోతుకు, నాలుగడుగుల్లో నీళ్లూరే ఇసకలో గొట్టం దించాలి! కుదిరే పని కాదు. మధ్యలో పంపులు పెట్టి ఎత్తిపోయాలి. కరెంటు పోతే పొంగుతుంది. పొడుగు గొట్టంలో నిలవున్న మురుగు కుళ్లి, ఆ వాయువు సిమెంటు గొట్టాన్నే తినేస్తుంది. అందుచేత దూరపు కట్టడానికి పట్టణం నీళ్లు తేవచ్చునేగాని, దాని మురుగును అక్కడికక్కడే శుద్ధి చేసుకోవడం మేలని నా వంటి గుమాస్తాకు కూడా అర్థమవుతుంది.

అది ఎంత నీరో చూడండి. డ్రైనేజి ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనిచోట 70 లీటర్లు అని ప్రమాణం. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి 55 లీటర్లు. చేపలరేవు క్వార్టర్లలో, ఆఫీసులో వందమంది ఉండి 135 చొప్పున వాడితే 13,500 లీటర్లు. అందులో నూటికి ఎనభై పాళ్లు మురుగై తిరిగివస్తుంది. అంటే 10,800 లీటర్లు, ఐదువేల లీటర్ల ట్యాంకర్లు రెండింటికి పైగా. ప్రతిరోజూ రెండు ట్యాంకర్ల మురుగును ఇసకలో గుమ్మరించినట్టు. ఇది మనుషుల లెక్క మాత్రమే. చేపలు కడిగిన నీళ్లు వేరే. సెప్టిక్ ట్యాంకు ఉంది గదా అనుకుంటాం. అది మడ్డిని ఆపుతుందేగాని క్రిముల్ని ఆపదు. గోడకు ఇటు 135, గోడకు అటు 55 ఉన్నప్పుడు, 135 వాడినవాడి మురుగు 55 వాడేవాడి బావిలోకి పోవడం మాత్రం ఏ జీవోలోనూ లేదు.

కొన్నిచోట్ల ఈ రెంటినీ కలిపి చూసే ఏర్పాటుంది. హైదరాబాదులో 1989లో నీటి సరఫరానూ మురుగు పారుదలనూ ఒకే బోర్డు కిందికి తెచ్చారు. నీళ్ల బిల్లులోనే మురుగు రుసుమూ ఉంటుంది. కృష్ణా నీటిని నల్లగొండ జిల్లా మీదుగా అంతదూరం నగరానికి తీసుకుపోయినప్పుడు దారిలో ఫ్లోరైడుతో బాధపడే గ్రామాలకు కూడా నీళ్లిచ్చారు. వరంగల్లులో సెప్టిక్ ట్యాంకుల మడ్డిని లారీలు ఎక్కడబడితే అక్కడ పారబొయ్యకుండా శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. వీటిలో లోపాలు లేవనను. ఆ గడి మాత్రం ఫారంలో ఉంది.

ఇక బిల్లు మాట. ఇది చెప్పకపోతే మన సోదర గుమాస్తాలు నన్ను క్షమించరు. ప్రభుత్వ శాఖ అనేది మునిసిపాలిటీకి అందరికంటే పెద్ద బాకీదారు. నీళ్ల చార్జీలకు బడ్జెట్ పద్దుండదు. ఉంటే మార్చి 31 సాయంత్రం వస్తుంది. మేము ఒకసారి తొమ్మిదేళ్ల బకాయికి ఒకే చెక్కు ఇచ్చాం. అది కూడా, మునిసిపాలిటీవారు గేటు దగ్గర వాల్వు కట్టేస్తామని నోటీసిచ్చాక. వాల్వు కడితే యార్డుకు ట్యాంకరొస్తుంది. అదే గొట్టం మీద ఆధారపడ్డ పాలేనికి రాదు. అందుచేత పల్లె కుళాయిల వాల్వు వేరుగా ఉండాలి, శాఖ బాకీకి పల్లె శిక్ష అనుభవించకూడదు. ఏ ఇంజనీరూ చెప్పని ఈ చిన్న సంగతి బిల్లులు రాసినవాళ్లకే తెలుస్తుంది.

"మనం రిటైరయినవాళ్లం, మనకెందుకండీ" అని నిన్న ఒక మిత్రుడన్నారు. ఆయన స్థలం చీరాల రోడ్డులోనే ఉంది. బోరు వేయించుకున్నారు, తీపినీళ్లు పడ్డాయని లడ్డూలు పంచారు. ఆ లడ్డూ నేనూ తిన్నాను గనుక ఆయన తరఫునా మాట్లాడుతున్నాను. అంచనాలు పెరుగుతాయన్నది ఇంకొక మిత్రుడి అభ్యంతరం. పెరుగుతాయి. పాలెంలో ఎంత పెరిగిందో ఇందాకే చెప్పాను.

అందుచేత మన సంఘం తరఫున కలెక్టరుగారికి ఒక అర్జీ పెడదామని కార్యవర్గం అంగీకరించింది. అందులో కోరేది ఇంతే. వాడరేవు వైపు ఏ ప్రభుత్వ కట్టడానికి నీటి లైను మంజూరు చేసినా, మురుగు శుద్ధికి అంచనా అదే ఫైలులో, అదే మంజూరులో ఉండాలి. అది పూర్తయ్యాకే నీటి వాల్వు తిప్పాలి. గొట్టం వెళ్లే దారిలోని పల్లెలకు వేరే వాల్వుతో కుళాయిలుండాలి. ఇంకుడుగుంటల చోటు పంచాయతీవారి ఎదుట, చుట్టూ ఉన్న దొరువులూ బావులూ చూసి గుర్తించాలి. చేపలరేవు కడిగే నీటికి ప్రత్యేక శుద్ధి ఉండాలి, సముద్రంలోకో ఇసకలోకో నేరుగా వదలకూడదు. నీళ్ల చార్జీలకు ఆ శాఖ మొదటి సంవత్సరం నుంచే పద్దు చూపించాలి. ఇవి గాక, నిర్మాణం మొదలవకముందే చుట్టుపక్కల దొరువుల నీటిని పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీ ఆఫీసులో ఉంచాలని నేను చేర్పించాను. రేపు నీళ్లు చెడితే "ముందునుంచీ ఇంతే" అన్న జవాబు రాయడం మనకు బాగా తెలిసిన విద్య. ఆ కాగితం ఉంటే ఆ జవాబు చెల్లదు.

అర్జీ ముసాయిదా కార్యదర్శిగారి సంచిలో ఉంది. చదువుకుని, మార్పులుంటే మార్జినులో రాసి, భోజనాలయ్యాక సంతకాలు చెయ్యండి. పెన్షనర్లే కాదు, కుటుంబసభ్యులూ చెయ్యవచ్చు. వాడరేవు పాలెం పెద్దలు కూడా చేస్తామన్నారు, వారికోసం మొదటి పేజీలో చోటు వదిలాం. పి.పి.ఓ. నంబరు రాయనక్కరలేదు. పేరూ, ఊరూ చాలు.